మిగిలిన తట్టెడు గార

"అది కాదే గుంటా, అది తరవాత. ముందల తట్ట గురించి రాయి. ఫోను బియ్యం డబ్బాలో ఎట్టినావా నేదా? మూత బిగించు. ఆఁ. ఇప్పుడిటు రా, ఈ గోడ కాడ కూకో."

ఇలాగే మొదలుపెట్టు. నా యాసంతా రాయకు. నువ్వు చదువుకున్న మనవరాలివి, పుస్తకంలో ఉన్నట్టు రాయి. మనుషులు మాట్లాడిన చోట మాత్రం వాళ్ళెలా అన్నారో అలాగే ఉంచు.

నేను తాపీ మేస్త్రిని. పేరు అప్పన్న. బడిలో రెండో తరగతి దాకా ఉన్నాను. తాపీ మాత్రం నలభై ఎనిమిదేళ్ళు పట్టాను. మా గురువు గంటయ్య మేస్త్రి నాకు నేర్పిన మొదటి పని గోడ కట్టడం కాదు. సాయంత్రం పని ఆపేటప్పుడు తట్టలో గార మిగిలితే నేల మీద పారబోయకూడదని నేర్పాడు. కలిపిన గారని పారేస్తే చేతి పనితనం పోతుందనేవాడు. "ఊర్లో ఎక్కడో ఒక కన్నం నీ కోసం సూస్తుంటాది, ఎతుకు" అనేవాడు. అందుకే మా వాళ్ళెవరి ఇంట్లో చూసినా గోడలకి రకరకాల రంగుల అతుకులుంటాయి. ఏ ఊళ్ళో ఏ మేడకి పని చేశామో మా ఇంటి గోడ చూసి చెప్పొచ్చు.

ఆ అలవాటు వల్లే జరిగింది ఇదంతా. అందుకే ముందు తట్ట గురించి రాయమన్నాను.

ఆరేళ్ళ కిందట ఊరి బయట రేకుల షెడ్డులో ఒక కంపెనీ పని మొదలెట్టింది. అక్కడ ప్రణతి అని ఇంజనీరమ్మ ఉండేది. మీ అత్త వయసే. నిలువెత్తు గోడలు ఎనిమిది కట్టించి, వాటికి ఒక బూడిద రంగు పిండి కలిపిన గార పూయమంది. చూడ్డానికి గసగసాల్లా ఉంటుంది. మేమందరం దాన్ని చెవిపిండి అనేవాళ్ళం. గోడ దగ్గర ఎవరైనా నడిస్తే నేల అదురుతుంది కదా, ఆ అదురు ఒక గింజ పట్టుకుని పక్క గింజకి ఇస్తుంది, అది ఇంకో గింజకి. అలా వెళ్ళి కరెంటు మీటరు పక్కన ఉన్న పెట్టెకి చేరుతుంది.

మొదట్లో గోడలు ఏమీ వినలేదు. నీళ్ళు పోయగానే పిండి పైకి తేలిపోయేది. గార ఆరాక పై పొర పెచ్చులూడేది. వాళ్ళు పుస్తకాలు తిరగేశారు, ఎక్కడికో ఫోన్లు చేశారు. నేను మూడు రోజులు చూసి, నాలుగో రోజు చెప్పాను.

"అమ్మా, ముందల ఇసక తడుపు. తడి ఇసకకి పిండి పట్టించు, కోడికి మసాలా పట్టించినట్టు. అప్పుడు సిమెంటు కలుపు."

అంతే. గోడలు వినడం మొదలెట్టాయి. ఆ రోజు ప్రణతమ్మ అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించింది. నన్ను గోడ వెనక నడవమని, తను అవతల గదిలో తెర ముందు కూర్చుంది.

"మేస్త్రి గారూ, ఎడం మోకాలు నొప్పా?"

"నీకెవులు సెప్పినారు?"

"గోడ చెప్పింది. సరే, ఇప్పుడు కదలకుండా నిలబడండి. ఒక మాట అడుగుతాను. చుట్ట మానేశారా?"

"మానీసినాను. ఎప్పుడో."

అవతల గదిలో ఒకటే నవ్వు. పోయి చూస్తే తెర మీద గీత ఎగిరిపడి ఉంది. అబద్ధం చెప్పినప్పుడు నా ఊపిరి ఎలా మారిందో, గుండె ఎలా కొట్టుకుందో గోడకి తెలిసిపోయిందట.

"మాట వినదండీ, అడుగూ ఊపిరీ మాత్రమే వింటుంది" అంది ప్రణతమ్మ. "ఒంటరిగా ఉన్నవాళ్ళు పడిపోతే వెంటనే తెలియాలని చేస్తున్నాం. మా అమ్మమ్మ వంటింట్లో పడిపోయి ఒకటిన్నర రోజు అలాగే ఉందండీ. ఎవరికీ తెలియలేదు."

"వినీసి ఎవుడికి సెప్తాది?"

"ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ ఫోనుకి."

నేను ఇంకేమీ అడగలేదు. అక్కడ ఇంకో ప్రశ్న అడగాల్సింది. బజ్జీలు చల్లారిపోతాయని వెళ్ళిపోయాను.

తరవాత కొత్త కాలనీలో మూడు వందల ఇళ్ళకి ఆ గార పూశాం. బస్టాండుకి పూశాం. ఆసుపత్రికి పూశాం. రెండేళ్ళు తిరిగేసరికి పిండి వేరుగా కలపాల్సిన పని కూడా లేకపోయింది, సిమెంటు బస్తాలోనే కలిపి పంపేవారు. ఇక మాకు అది సిమెంటే. చెవిపిండి అన్న మాటే మర్చిపోయాం.

దానివల్ల మంచి జరగలేదని రాయకు. సూర్యనారాయణ మాస్టారు స్నానాల గదిలో పడిపోతే తలుపు బద్దలుకొట్టి ఏడు నిమిషాల్లో తీసుకుపోయారు. ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెడతాడు. నేను ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి.

మీ అత్త హైమావతి ఇల్లు కూడా ఆ కాలనీలోనే. గోడలన్నీ నా చేతి పనే. కూతురి ఇల్లు కదాని రెండుసార్లు రుద్దాను, అద్దంలా వచ్చాయి. కొత్త ఇంట్లోకి దిగినవాళ్ళు పది రోజులు మామూలుగా తిరిగితే చాలు, ఎవరి అడుగు ఎవరిదో పెట్టె రాసుకుంటుంది. దాన్ని అడుగు పట్టించడం అంటారు. ఒకసారి పట్టించాక ఆ మనిషి బస్టాండులో నడిచినా ఆసుపత్రిలో నడిచినా ఇంటి యజమాని ఫోనులో కనిపిస్తుంది. మీ అత్త వాళ్ళ ఇల్లు మీ మావయ్య కామేశు పేరు మీద ఉంది.

కామేశు గురించి చెడ్డగా రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. తాగడు. చెయ్యెత్తడు. గొంతు పెంచడు. మందుల గోదాములో సూపర్‌వైజరు, లోపలికి వచ్చిన పెట్టె, బయటికి పోయిన పెట్టె చూసుకోవడం అతని పని. ఒక ఆదివారం భోజనానికి వెళ్ళాను. నాకు పప్పు వడ్డిస్తూ అన్నాడు:

"చూశారా మావా, మీ అమ్మాయి పొద్దున్నుంచి పెరటి తలుపు దాకా ఆరుసార్లు వెళ్ళింది. ఏముంది హైమా అక్కడ?"

"బట్టలారేసినాను."

"బట్టలకి రెండుసార్లు చాలు కదా."

నవ్వుతూనే అన్నాడు. సరదా అనుకున్నాను. నేనూ నవ్వాను. నేను నవ్వానని రాయి.

చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్తే మీ అత్త గట్టు పక్కన కొయ్యలా నిలబడి ఉంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. రెండడుగులు వేస్తే అందుతుంది. వెయ్యలేదు. ఒళ్ళంతా ముందుకి సాచి, గరిటె కొసతో స్టవ్వు మీట తిప్పింది.

"ఏటే అది? కాళ్ళకేటయినాది?"

"ఏటీ నేదు నాన్నా. నిలబడితే లెక్కలోకి రాదు."

చిన్నప్పుడు ఆ పిల్ల వీధి చివర నడుస్తుంటే ఇంట్లో మాకు వినబడేది. మడమలు నేలకేసి దబదబా కొట్టే నడక. మీ నాయనమ్మ దాన్ని ఏనుగుపిల్ల అని పిలిచేది. ఆ పిల్ల నేను నున్నగా రుద్దిన గోడల మధ్య అడుగు లెక్కపెట్టుకుని వేస్తోంది.

అయినా నేను ఇంటికి వచ్చేశాను. కొట్టని మొగుడి మీద ఏమని పంచాయితీ పెట్టిస్తాం?

మూడు నెలలు పోయాక ఒక మంగళవారం పదకొండింటికి మీ అత్త ఈ గడపలో నిలబడింది. చేతిలో గుడ్డ సంచీ ఒకటే.

"నీ గోడలు ఎవరితోనూ మాటాడవు కదా నాన్నా?"

"ఈటికి నోరెక్కడిదే? మా తాత మెత్తిన మట్టిగోడలు."

అది సంచీ కింద పెట్టింది. కూర్చోలేదు, మంచినీళ్ళు అడగలేదు. నడిచింది. ముందు గదిలోంచి వెనక గదికి, వెనక గదిలోంచి పెరట్లోకి, మళ్ళీ ముందుకి. మడమలతో నేలని దంచుకుంటూ నడిచింది. చూరులోంచి మట్టి రాలింది. పక్కింట్లోంచి ఎర్రయ్యమ్మ కేకేసింది:

"ఒరే అప్పన్నా, ఇంట్లో గేదిని కట్టినావేట్రా?"

మీ అత్త నవ్వింది. పెళ్ళయ్యాక అలా నవ్వడం అప్పుడే చూశాను.

ఎర్రయ్యమ్మకి విషయం తెలిసిపోయింది. మధ్యాన్నం పెరటి గోడ మీదుగా నెత్తళ్ళ చేపల పులుసు గిన్నె అందించింది. "తిను బొట్టీ, ఎముకలు కనబడిపోతన్నాయి. నానేటీ సూడనేదు, నాకు కళ్ళు కనబడవు" అంది. కానీ ఆవిడ కొడుకు నెల కిందటే ఇంటికంతా కొత్త గార పూయించాడు. అందుకని మీ అత్త ఆ ఇంట్లోకి అడుగు పెట్టేది కాదు. మాకూ వాళ్ళకీ నడిమి గోడ మూరెడు మందం, మట్టిది. అటు పూసిన గార చెవికి ఇటు నడక వినబడదు.

మర్నాడు కామేశు వచ్చాడు. మీ అత్త వెనక గదిలో ఉంది.

"ఫోన్లో ఎక్కడా లేదు మావా. నిన్న పదిన్నర నుంచి ఏ గోడా తన అడుగు వినలేదు. ఇక్కడికి రాలేదు కదా?"

"రానేదు బాబూ."

నా గుండె డప్పులా కొట్టుకుంటోంది. కామేశు లేచి వెళ్ళి మట్టిగోడని అరచేత్తో ఒకసారి తడిమాడు. చేతికంటిన మట్టి దులుపుకుని వెళ్ళిపోయాడు.

తరవాత పంతొమ్మిది రోజులు. ఆ పంతొమ్మిది రోజులు మీ అత్త ఈ ఇంట్లో ఎలా తిరిగిందో నీకు తెలుసు, నువ్వూ వచ్చేదానివి కదా. ఇద్దరూ పెరట్లో తొక్కుడుబిళ్ళ ఆడారు, ముప్పై ఏళ్ళ మనిషీ నువ్వూను.

ఇక తట్ట దగ్గరికి వస్తున్నాను. నెమ్మదిగా రాయి.

ఇరవయ్యో రోజు బజారు వీధిలో ఒక ఇంటికి పని. సాయంత్రం ఐదింటికి తట్టెడు గార మిగిలింది. ఎక్కడ వేద్దామా అని చూస్తే అక్కడ కన్నమేదీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, వెనక గదిలో బియ్యం డబ్బా వెనకాల, నడిమి గోడ మొదట్లో పందికొక్కు తవ్విన కన్నం ఉంది. చెయ్యి దూర్చితే అవతల ఎర్రయ్యమ్మ గోడ గార వేళ్ళకి తగిలేంత లోతు. వర్షాకాలం వస్తోంది, పాము దూరితే ఆడపిల్ల పడుకునే గది అనుకున్నాను. తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మీ అత్త అప్పుడు పెరట్లో కూర తరుగుతోంది. డబ్బా జరిపి, కన్నం నిండా గార కూరి, పైన తాపీతో నున్నగా రుద్ది, డబ్బా మళ్ళీ అక్కడే పెట్టేశాను. తట్ట కడిగి బోర్లించాను.

ఒక్క క్షణమైనా ఆలోచన రాలేదు గుంటా. అది నాకు సిమెంటు. మిగిలిన గార. గురువు మాట చెల్లించాను, అంతే.

మర్నాడు పొద్దున్న పదింటికి కామేశు వచ్చాడు. ముందు గదిలో కుర్చీ మీద కూర్చున్నాడు. నేనేదో అనబోతే చెయ్యి అడ్డంగా ఊపి, వెనక గది వైపు చూసి పిలిచాడు.

"హైమా. ఆరూ పది నుంచి ఆ గదిలోనే తిరుగుతున్నావు. ఎడం కాలు ఈడుస్తున్నావేంటి? ముల్లు గుచ్చుకుందా?"

ముందు రోజు పెరట్లో తుమ్మముల్లు గుచ్చుకుంది దానికి. నాకే తెలియదు.

మీ అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నేను రాను" అంది.

"రమ్మనలేదు కదా. తొందరేమీ లేదు. ఎక్కడున్నా నాకు తెలుస్తుంది, అది చాలు." లేచి, నా వైపు తిరిగాడు. "పిన్నుతో తీయొద్దు మావా, సెప్టిక్ అవుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

అతను వీధి మలుపు తిరిగాడో లేదో మీ అత్త పెరటి గోడ దగ్గరికి పరిగెత్తింది.

"ఎర్రయ్యమ్మత్తా! నీకేం అన్నేయం సేసినాను? ఎంతిచ్చినాడు నీకు?"

"ఓలమ్మో! నానేటి సెప్పినానే? ఎవుడికి సెప్పినానే?"

"నీకు తప్ప ఎవులికి తెలుసు నానిక్కడున్నట్టు?"

ఎర్రయ్యమ్మ చేతిలో గిన్నె ఉంది. ఆ రోజు కూడా ఏదో కూర తెస్తోంది. గిన్నె గోడ మీద పెట్టి, తల మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేసింది. మీ అత్త వినలేదు. నోటికొచ్చినవన్నీ అంది. ఆవిడ ఏడుస్తూ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. గిన్నె గోడ మీదే ఉండిపోయింది. కాకులు తిన్నాయి.

నేను అప్పుడు ఎక్కడున్నానంటే, ఇక్కడ, ఈ గదిలో, బియ్యం డబ్బా జరిపి గోడ మొదట్లో కూర్చుని ఉన్నాను. అరచెయ్యంత అతుకు. ఇంకా చెమ్మగా ఉంది. దాని రంగు చూశాను, వేలితో గీరి చూశాను. గసగసాలంత గింజలు వేలికి అంటుకున్నాయి. ఇంట్లో పాత అతుకులేవీ ఏ పెట్టెకీ ఆనలేదు, ఇది మాత్రం లోపల ఎర్రయ్యమ్మ గోడ గారకి ఆనింది.

ఉలి తెచ్చి ఒక్క పెచ్చు లేకుండా చెక్కేశాను. కన్నంలో మట్టి కూరాను. పెచ్చులు సంచీలో వేసి గెడ్డ నీళ్ళలో పారేశాను. మీ అత్తకి చెప్పలేదు. ఎర్రయ్యమ్మకీ చెప్పలేదు. సాయంత్రం చెబుదాం అనుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను.

ప్రణతమ్మకి మాత్రం చెప్పాను. షెడ్డుకి వెళ్ళి, కూతురి అడుగు పెట్టెలోంచి చెరిపెయ్యమని అడిగాను.

"ఇంటి యజమాని చెరపమంటేనే చెరుగుతుందండీ. మేం అలా పెట్టాం."

"మీరంటే?"

"నేనే పెట్టాను మేస్త్రి గారూ. పడిపోయినవాళ్ళ గురించే ఆలోచించాను. వెళ్ళిపోవాలనుకునేవాళ్ళ గురించి ఆలోచించలేదు."

ఆ రోజంతా మేమిద్దరం గోడల్ని మోసం చేద్దామని చూశాం. చెప్పుల్లో గులకరాళ్ళు వేసుకుని నడిచాను. నెత్తిన ఇటుకలు పెట్టుకుని నడిచాను. కుంటుతూ నడిచాను, వెనక్కి నడిచాను, ఆవిడ చీర చుట్టుకుని ఆడదానిలా కూడా నడిచాను. మొదటి గోడ, రెండో గోడ, మూడో గోడ, పది పన్నెండు అడుగులకల్లా "అప్పన్న" అని చూపించేశాయి. నాలుగో గోడ ఏమీ అనలేదు.

"అది చెవిటిదండీ" అంది ప్రణతమ్మ. "గుర్తులేదా? పాత ఇళ్ళకి పనికొస్తుందేమోనని మీ చేత సున్నంతో చేయించాను. అసలు వినలేదు. పనికిరాదని రాసి పడేశాను."

నాకు గుర్తొచ్చింది. గానుగ సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం పాకం. మా గురువు పద్ధతిలో వేశాను. సిమెంటు ఆరితే గంటలాగ మోగుతుంది. సున్నం గార ఎంత ఆరినా లోపల మెత్తదనం ఉంటుంది. అదురు అందులోకి పోయి ఇంకిపోతుంది, ఇసకలో నీళ్ళలాగ. చెవిపిండి గోడ మీద అంగుళం మందాన సున్నం గార వేసి చూశాం. ఆ గోడకీ చెవుడొచ్చింది.

వెళ్ళేటప్పుడు ప్రణతమ్మ ఇంకో సంగతి చెప్పింది. ఏడాది పాటు ఏ గోడా వినకపోతే ఆ అడుగు దానంతటదే చెరిగిపోతుందట. చచ్చిపోయినవాళ్ళ అడుగులు పెట్టెలో పేరుకుపోకుండా అలా పెట్టారట.

"ఏడాది. ఒక్క అడుగు కూడా దొరక్కూడదు. దొరికితే మళ్ళీ మొదటి రోజే" అంది.

నాలుగు రోజుల్లో కామేశు కాయితం పట్టుకుని వచ్చాడు. "మీ ఇంటికీ గార వేయిస్తాను మావా. పైసా మీరు పెట్టక్కర్లేదు. వయసైపోతోంది, ఒంటరిగా పడిపోతే ఎవరు చూస్తారు? చూసుకునే మనిషిగా నా పేరు రాయించాను." వీధి వీధంతా వేయించుకుంటున్నారు. వద్దనడానికి నాకు దారి లేదు. నేనేగా వేసేది. ముందు గదికి వాళ్ళ గార వేశాను. వెనక గదికీ వాళ్ళ గారే వేసి, కంపెనీ మనిషి చూసి వెళ్ళాక దాని మీద అంగుళం సున్నం గార వేశాను. ఇప్పుడు మనం కూర్చున్నది అందులోనే.

మీ అత్తని పిలిచి చూపించాను. "ఇక్కడ తిరుగు. ఎంత గట్టిగా తిరిగినా ఎవుడూ వినడు" అన్నాను.

అది గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది.

"ఎన్నడుగులు నాన్నా, ఈ గోడ నుంచి ఆ గోడకి?"

"ఏడు."

"అక్కడ ఇల్లంతా తిరగనిచ్చి లెక్కపెట్టేవాడు. నువ్వు ఏడడుగుల్లో ఎట్టి లెక్కపెట్టొద్దంటన్నావు."

నేను తాపీ కడగడానికి పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆ వారమే వెళ్ళిపోయింది. నువ్వే తీసుకెళ్ళావు. పెరటి గడపలోంచే స్కూటరు ఎక్కించాను, ముందు గదిలో గానీ వీధిలో గానీ ఒక్క అడుగు పడకుండా. ఎక్కడికి అని మీరిద్దరూ చెప్పబోతే నేను చెవులు మూసుకున్నాను. నా ఊపిరి ఎంత చాడీకోరో షెడ్డులో చూశాను కదా.

అప్పటి నుంచి నెలకోసారి కామేశు వస్తాడు. ముందు గదిలో కూర్చుంటాడు. పళ్ళు తెస్తాడు. ఫోను మోకాలి మీద పెట్టుకుని అడుగుతాడు.

"హైమా ఎక్కడుందో తెలుసా మావా?"

"తెలీదు బాబూ."

ఫోను వైపు చూస్తాడు. గీత కదలదు. నాకు నిజంగానే తెలియదు మరి. కాసేపు కూర్చుని, మోకాలికి ఏ తైలం మంచిదో చెప్పి వెళ్ళిపోతాడు. పోయిన నెల వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అసలు బతికుందా మావా?" అన్నాడు. తెలియదన్నాను. ఆ రోజు మాత్రం గీత కదిలే ఉంటుంది. నాకెవరూ చెప్పలేదు గానీ, నువ్వు వస్తున్నావంటే ఉందనే అనుకుంటున్నాను.

ప్రణతమ్మ పైవాళ్ళకి రాసిందట, అడుగు నడిచేవాళ్ళదే గానీ ఇల్లుగలవాళ్ళది కాదని. గార కొన్నది ఇల్లుగలవాళ్ళే కదా అని వాళ్ళు జవాబు రాశారట. ఇప్పుడు షెడ్డులో వేరే ఎవరో ఉన్నారు. కాలనీలోంచి మాత్రం నాకు కబుర్లు వస్తున్నాయి. దేవుడి గదికి సున్నం వెయ్యాలని ఒకావిడ, పచ్చళ్ళ గది చల్లగా ఉండాలని ఒకావిడ. సూర్యనారాయణ మాస్టారి కోడలు ఏ వంకా పెట్టలేదు. "ఒక్క గది కావాలి తాతా, అంతే" అంది. స్నానాల గదిని మాత్రం ముట్టుకోవద్దంది, ముసలాయన పడితే వినాలి కదా. నేను వేసి వస్తున్నాను. కరక్కాయలు చాలట్లేదు.

ఇప్పటికి ఎనిమిది నెలలు గడిచాయి. ఇంకో నాలుగు ఉన్నాయి.

ఎర్రయ్యమ్మకి మొన్న చెప్పాను. ఈ గదిలోకి పిలిచి, డబ్బా జరిపి, కన్నం ఉన్న చోటు చూపించి చెప్పాను. "ఎనిమిది నెలలు నా మొకాన నింద ఎట్టి కూకున్నావురా అప్పన్నా" అంది. నిన్నా ఇవాళా పలకలేదు. అది నాకు తగిన శిక్షే. మీ అత్త అక్కడ కూర్చుని పులుసు పోసిన చేతిని తిట్టుకుంటోంది. అది తగదు.

సరే, ఇక చాలు. కాయితాలు మడిచి జాకెట్టు లోపల పెట్టుకో. నువ్వు ఎప్పుడు వెళ్తావో, ఎక్కడికి వెళ్తావో నాకు చెప్పకు. తిరిగి వచ్చాక ఏమీ చెప్పకు. ఒక్కటి చూసి రా. ఆ పిల్ల ఎలా నడుస్తోందో చూడు. మునివేళ్ళ మీద నడుస్తుంటే నువ్వు మామూలుగా లోపలికి రా. ఏనుగుపిల్లలా నడుస్తుంటే మాత్రం మన ముందు గదిలో మడమతో ఒకసారి గట్టిగా కొట్టి రా. గోడ వింటే విననీ. దానికేం అర్థమవుతుంది?

మీ అత్తకి ఇది మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు. తట్ట దగ్గర ఆపి, రెండుసార్లు చదువు.